మనీలాలో పెరిగే పాపకు ఏ ఫిలిప్పీన్స్ కథలు చదివించాలి?

మీ పాపకు ఆరేళ్ళని, మనీలాలో ఈ మధ్యే స్కూల్లో చేర్చారని, ఇంగ్లిష్‌లో జానపద కథల పుస్తకం ఒకటి కొన్నారని రాశారు. ఇక్కడి సంస్కృతి తెలియడానికి అది సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. మేం మనీలా పక్కనే ఉన్న కేసోన్ సిటీలో ఉంటున్నాం, మా అబ్బాయి ఇక్కడి బళ్ళోనే చదువుకున్నాడు. వాడికి ఈ దేశాన్ని దగ్గర చేసింది పాత కథలకన్నా, మామూలు పిల్లల గురించి ఇక్కడివాళ్ళు రాసిన బొమ్మల పుస్తకాలే.

అలాగని పాతవి వద్దనను. మొదలు వాటితోనే పెట్టండి. తాబేలు, కోతి కథ ఇక్కడి పిల్లలకు బాగా తెలుసు. ఏట్లో కొట్టుకొచ్చిన అరటిచెట్టును ఇద్దరూ పంచుకుంటారు. పచ్చగా ఆకులున్నాయని కోతి పైసగం పట్టుకుపోతుంది. వేళ్ళున్న కిందిసగం తాబేలుకి మిగులుతుంది. ఏది బతుకుతుందో మీ పాప మీకంటే ముందే చెప్పేస్తుంది. చివర్లో కోతి తాబేలుని పట్టుకుని రోట్లో దంచుతానని, నీళ్ళలో పడేస్తానని బెదిరిస్తే, తాబేలు నీళ్ళంటేనే హడలిపోతున్నట్టు నటిస్తుంది! ఈ దేశపు జాతీయ వీరుడు హోసే రిజాల్ ఈ కథను 1889 జూలైలో లండన్‌లోని ఒక పత్రికలో అచ్చు వేయించాడు. అందుకే ఏటా జూలై మూడో మంగళవారం ఇక్కడ జాతీయ బాలల పుస్తక దినోత్సవం. దేశం కోసం ప్రాణమిచ్చిన మనిషి పిల్లలకు ముందుగా కథ చెప్పేవాడిగా పరిచయం కావడం నాకెంతో నచ్చుతుంది.

లోలా బస్యాంగ్ కథలు కూడా తీసుకోండి. లోలా అంటే అమ్మమ్మో నానమ్మో. సెవెరినో రేయెస్ 1925 నుంచి లివాయ్‌వాయ్ వారపత్రికలో ఆ ముసలావిడ పేరుతో కథలు రాశాడు. మన పెద్దవాళ్ళకు చందమామ ఎలాగో ఇక్కడి పెద్దవాళ్ళకు అవి అలాగ. ఇప్పుడు బొమ్మల పుస్తకాలుగా దొరుకుతున్నాయి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదార్నా హౌస్ పుస్తకాల గురించి. కవి విర్జిలియో అల్మారియో 1980లో మొదలుపెట్టిన ప్రచురణ సంస్థ ఇది. వీళ్ళ పుస్తకాలు చాలావాటిలో ఫిలిపినో, ఇంగ్లిష్ రెండూ ఉంటాయి కాబట్టి మీకూ ఇబ్బంది ఉండదు. వీటితోపాటు డాక్టర్ లూయిస్ గాట్‌మైతాన్ రాసిన 'సాన్‌డొసెనాంగ్ సపాతోస్' తప్పకుండా చదవండి. చెప్పులు కుట్టే తండ్రికి పాదాలు లేని కూతురు పుడుతుంది. ఆయన పోయాక, ఆ పిల్ల కోసం ఎవరికీ చెప్పకుండా కుట్టి దాచిన డజను జతల బూట్లు బయటపడతాయి. కథ చెప్పేది ఆ పిల్ల అక్క. అందులో ఉపదేశం ఒక్క ముక్క లేదు. కళ్ళు తుడుచుకోకుండా నేను ఇప్పటికీ దాన్ని పూర్తి చేయలేను. ఇంట్లోవాళ్ళ మీద ఇక్కడి మనుషులకు ఉండే ప్రేమ ఎలాంటిదో ఏ జానపద కథా నాకింత బాగా చూపించలేదు.

పాపకు ఎనిమిదేళ్ళు వచ్చాక ఆగీ రివేరా రాసిన 'బాతాంగ్ హిస్టోర్యడోర్' (బాల చరిత్రకారులు) పుస్తకాలు ఇవ్వండి. ఒక్కో పుస్తకంలో ఒక్కో కాలపు పిల్లో పిల్లాడో ఉంటారు. దివాయెన్‌ది స్పానిష్ వాళ్ళు రాకముందు కాలం, పితోంగ్‌ది జపాన్ వాళ్ళు ఈ దేశాన్ని ఆక్రమించుకున్న కాలం, జున్‌జున్‌ది 1972లో మార్షల్ లా పెట్టడానికి ముందు రోజులు. చిన్న పిల్లలకు ఇవన్నీ ఎందుకు అనేవాళ్ళు ఉంటారు. నేనైతే చదివించాలనే అంటాను. బడిలో తేదీలు ఎలాగూ చెబుతారు. ఆ రోజుల్లో తన వయసు పిల్లలు ఎలా బతికారో తెలిసేది ఇక్కడే.

మన ఇళ్ళలో పిల్లలకు ఇంకో వరం కూడా ఉంది. మిండనావో దీవిలో మరనావ్ జనం చెప్పుకునే మహారాదియా లావనా కథ మన రామాయణానికి చుట్టమే. లావనా అంటే రావణుడే. మరనావ్ వాళ్ళు ముస్లింలు, అయినా ఆ కథను తమదిగా కాపాడుకున్నారు. రాత్రి పడుకోబోయే ముందు రెండు కథలూ పక్కపక్కనే చెప్పి చూడండి, ప్రశ్నలతో నిద్రపోనివ్వరు.

ఒక్కటి మాత్రం చేయండి. ఫిలిపినో భాగాన్ని మీరు తడుముకుంటూ చదవకండి. పక్కింటి లోలానో, పాప టీచర్‌నో అడగండి. మా పక్కింటావిడ సంతోషంగా ఒప్పుకున్నారు, చదువుతూ తన చిన్ననాటి కబుర్లు కూడా కలిపేవారు. పుస్తకాలు నేషనల్ బుక్ స్టోర్‌లో పిల్లల అరల్లో దొరుకుతాయి. సెప్టెంబరులో జరిగే మనీలా అంతర్జాతీయ పుస్తక ప్రదర్శనకు పాపను కూడా తీసుకెళ్ళి, ఒకటి రెండు తననే ఎంచుకోనివ్వండి.