డప్పు పాట ఇంట్లో క్లిక్ (తాళం కోసం చెవిలో వినిపించే టిక్ టిక్ చప్పుడు) పెట్టుకుని రికార్డు చేస్తుంటే ఊపు పోతోంది, డప్పు రేకు డబ్బాలా మోగుతోంది. ఏం చేయాలి?

రేకు మోత మైకు సమస్య, తేలిగ్గానే తీరుతుంది. క్లిక్ పెట్టుకుని పాడితే ఊపు పోతోందన్నారే, అది పెద్దది. ముందు దాని సంగతి చూద్దాం.

మన పల్లె పాటల్లో చాలా వాటిది తిశ్ర నడక, అంటే మూడేసి దెబ్బలుగా తకిట తకిట అని సాగుతుంది. సాఫ్ట్‌వేర్ తెరవగానే వచ్చే 4/4 గ్రిడ్ (నాలుగేసి దెబ్బల లెక్క గీతలు) మీద దాన్ని పాడిస్తే అడుగు తడబడుతుంది. 6/8కి మార్చినా సగమే నయం. చరణం చివర పాటకారి గొంతు సాగదీసి వంతకు అందిస్తాడు, డప్పు ఆయన కోసం ఆగుతుంది. క్లిక్ ఆగదు. అందుకని క్లిక్ తీసేయండి. పాటకారిని, ఒక్క డప్పును ఎదురెదురుగా 10–12 అడుగుల దూరంలో పెట్టి పాట మొత్తం కలిపి మూడుసార్లు తీయండి. బాగా వచ్చినదాన్ని ఉంచి, దాని డప్పు దెబ్బలను బట్టి టెంపో మ్యాప్ (పాటలో ఎక్కడ ఎంత వేగమో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే పట్టిక) తయారు చేసుకోండి. కీబోర్డు, బేస్ దాని వెంట నడవాలి. చివరి చరణానికి వేగం కాస్త పెరిగిందా? పెరగనివ్వండి, సరిచేయకండి.

శ్రుతి పల్లవిని బట్టి ఖాయం చేయొద్దు. అన్నిటికంటే ఎత్తుగా వెళ్లే చరణం ముందు పాడించండి. అక్కడ గొంతు చీలితే అర శ్రుతి దించి మళ్లీ చూడండి.

ఇక డప్పు. తోలు డప్పయితే మీ షెడ్యూలంతా మంట చుట్టూ తిరగాలి. ఎండు గడ్డి మంట ఆరుబయటే వేసి, జానెడు ఎత్తున డప్పును తిప్పుతూ కాచండి. ఒకేచోట ఉంచితే తోలు మాడి అంచు దగ్గర చిట్లుతుంది. వేలితో కొడితే కణకణమనాలి. దింపిన మొదటి నిమిషాల్లోనే డప్పు శ్రుతి ఎక్కువగా జారుతుంది కాబట్టి రెండు నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. వానాకాలం ఒకటి రెండు టేకులకే మెత్తబడుతుంది. ప్రతి టేకు ముందు సిర్రతో (కుడిచేతి లావు పుల్లతో) ఒక దెబ్బ రికార్డు చేసి, పాత టేకు దెబ్బతో పోల్చండి. తేడా వినిపిస్తే మళ్లీ కాచాల్సిందే. ఇది మానేస్తే రెండు టేకులు అతికించిన చోట డప్పు మారినట్టు తెలిసిపోతుంది. ఫైబర్ డప్పుకు ఈ బాధ లేదు గానీ, తోలులోని గుండె మోత దానికి రాదు.

రేకు మోతకు మామూలు కారణం, మైకు జానెడు దూరంలో పెట్టి గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెంచడం. మూడు నాలుగు అడుగులు వెనక్కి జరపండి. సున్నితమైన కండెన్సర్ మైకు కంటే గట్టి మోతను తట్టుకునే డైనమిక్ మైకు నయం. గట్టి దెబ్బకు కూడా మీటరు -10 డీబీ దాటకూడదు. 24 బిట్‌లో తీస్తే తక్కువ స్థాయి గురించి దిగులక్కర్లేదు. మైకు నడిమధ్యకు చూస్తే సిర్ర మోతే వస్తుంది. ఎడమచేతి చిటికెన పుల్ల ఆడేది పై అంచు దగ్గర, కాబట్టి మైకును భుజం ఎత్తుకు లేపి కొంచెం కిందికి వంచండి. అప్పుడే ఆ సన్నటి చిరుదెబ్బలు విడివిడిగా వినిపిస్తాయి, దరువుకు అందమంతా అవే. డప్పు వెనక రెండో మైకు పెడితే దాని పొలారిటీ (శబ్ద తరంగం పైకీ కిందికీ ఊగే దిశ) సాఫ్ట్‌వేర్‌లో తిప్పండి, లేకపోతే బరువంతా మాయమవుతుంది.

పాటకారి మైకులోకి డప్పు కొంత పడుతుంది. 12 అడుగులకు అది సుమారు 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, చెవికి గది మోతలాగే ఉంటుంది. కార్డియాయిడ్ (ముందు శబ్దాన్ని బాగా, వెనక శబ్దాన్ని తక్కువగా పట్టే) మైకు వీపు డప్పు వైపు ఉంచితే చాలు. అందుకు పాటకారి డప్పు వైపే చూస్తూ పాడాలి, అది ఎలాగూ కావాల్సిందే. ఆయన వెనక గోడకు నాలుగంగుళాల ఎడం వదిలి గొంగళ్లు వేలాడదీయండి. దుప్పట్లకంటే ముతక ఉన్ని ప్రతిధ్వనిని బాగా మింగుతుంది.

గజ్జెలు మాత్రం ఆటతో కలిపి తీయకండి. కాళ్ల చప్పుడు నేలగుండా ప్రతి మైకు స్టాండుకూ ఎక్కుతుంది. తర్వాత చేత్తో ఆడిస్తూ విడిగా తీసుకోండి. వంత కూడా తర్వాతే, నలుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడి పాడాలి. ఒక్కరి గొంతునే నాలుగుసార్లు అతికిస్తే జనం పాడినట్టు ఉండదు.