నీ రైలు నీళ్లెక్కడ పట్టుకుంది?

అమ్మాయీ,

నీ డార్జిలింగ్ కథ రెండుసార్లు చదివాను. రిటైరయ్యే రోజున డ్రైవర్ ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడకపోవడం నాకు బాగా నచ్చింది. ఆ మనిషిని నమ్మాను. రైలునే నమ్మలేకపోయాను. కొండ కింది సిలిగురిలో బయల్దేరి, ఎక్కడా ఆగకుండా ఘూమ్ చేరిపోయింది. ఆ దారిలో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ ఘూమ్, 2,258 మీటర్లు. నీళ్లు పట్టుకోకుండా ఏ ఆవిరి ఇంజనూ అంత పైకి ఎక్కలేదు.

ఆవిరి ఇంజనుకు బొగ్గు కంటే ముందు నీళ్లు అయిపోతాయి. కిలో బొగ్గు కాలితే ఇంచుమించు ఆరేడు కిలోల నీళ్లు ఆవిరవుతాయి. ఆ ఆవిరి పిస్టన్‌ను ఒక్కసారి తోసి, పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. మళ్లీ తిరిగి రాదు. నువ్వు నాలుగుచోట్ల రాసిన 'ఛుక్ ఛుక్' అదే, నీళ్లు ఖర్చవుతున్న చప్పుడు. నీ డ్రైవర్ చెవికి అది అలాగే వినిపించాలి.

డార్జిలింగ్ దారిలో పట్టాల మధ్య ఎడం రెండడుగులే. ఆ మలుపుల్లో తిరగాలంటే ఇంజను చిన్నదిగా ఉండాలి. 1889 నుంచి వచ్చిన బి క్లాస్ ఇంజన్లకు వెనక టెండర్, అంటే బొగ్గూ నీళ్లూ మోసే పెట్టె, ఉండదు. బాయిలర్ మీద జీనులా కూర్చున్న ట్యాంకులో నీళ్లు, బొగ్గు కూడా ఇంజను మీదే. ఆ కాస్త నీళ్లతో కొండంతా ఎక్కడం కుదరదు. అందుకే దారిలో ఆగాలి.

ఆ ఇంజను మీద ఎంతమంది ఉండేవారో తెలుసా? డ్రైవరూ ఫైర్‌మ్యాన్లే కాదు. బొగ్గు గడ్డలు పగలగొట్టి అందించడానికి ఒకడు బొగ్గు మీదే కూర్చునేవాడు. ముందు వైపు ఇద్దరు నిలబడి, తడి పట్టాల మీద చక్రాలు జారకుండా చేత్తో ఇసుక చల్లేవారు. నువ్వు డ్రైవర్ ఒంటరితనం చూపించాలని వీళ్లందర్నీ తీసేశావు. ఇంతమంది మధ్య నోరు విప్పని మనిషి ఇంకా ఒంటరి కదమ్మా!

ఇంకో విషయం. బాయిలర్‌లో నీళ్లు ఎప్పుడూ మంట గది పైరేకును కప్పి ఉండాలి. నీళ్లు తగ్గి ఆ రేకు బయటపడితే, వేడికి మెత్తబడి బాయిలర్ పేలిపోవచ్చు. పొగగొట్టం ముందుకుపెట్టి కొండ ఎక్కుతున్నంతసేపూ నీళ్లు వెనక్కి, మంట గది మీదికి చేరతాయి. దిగుడు మొదలవగానే ముందుకు జారతాయి. అప్పటిదాకా చాలినన్ని కనిపించిన నీళ్లు ఒక్కసారిగా తగ్గినట్టవుతాయి. ఘూమ్ దాటాక దారి డార్జిలింగ్‌కు దిగుడే. కాబట్టి నీ డ్రైవర్ ఘూమ్‌కు ముందే గాజు గొట్టంలో నీటి మట్టం చూసుకోవాలి. ముప్ఫై ఏళ్లు నడిపినవాడు ఆఖరి రోజున కూడా చూస్తాడు. నీ కథకు గుండెకాయ అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

పెద్ద ఇంజన్లకూ ఈ బాధ తప్పలేదు. అమెరికాలో రాకీ పర్వతాల మీద మూడడుగుల గేజు దారి ఒకటుంది. చామా నుంచి 10,015 అడుగుల ఎత్తున్న కంబ్రెస్ కనుమకు వంద అడుగులకు నాలుగడుగుల చొప్పున ఎక్కాలి. 1925లో తయారైన కె-36 ఇంజన్ల టెండర్‌లో దాదాపు 19,000 లీటర్లు పడతాయి. అయినా ఆ ఎక్కుడు మధ్యలో, క్రెస్కో దగ్గర నీళ్ల ట్యాంకు ఉంది.

మా చిన్నప్పుడు మీటర్ గేజ్ స్టేషన్‌లో ఇంజను నీళ్లు పట్టుకుంటుంటే నాన్న దిగిపోయి టీ తాగేవాడు. 'ఇంకా టైముందిలే' అనేవాడు. ఆయన మళ్లీ ఎక్కేదాకా అమ్మకు టెన్షన్. కిటికీ చువ్వలు పట్టుకుని ఆ నీళ్ల గొట్టం వైపే చూస్తూ కూర్చునేది. నాకు ఆ ప్రయాణాల్లో ఊళ్లేవీ గుర్తులేవు, అమ్మ చూపు మాత్రం గుర్తుంది.

నీ డ్రైవర్‌ను ఒక్కచోట దించు. గొట్టంలోంచి నీళ్లు పడుతుండగా నూనె డబ్బాతో ఇంజను చుట్టూ తిరగనీ. ఇసుక చల్లే కుర్రాడు ఏదో అడగనీ. ట్యాంకు నిండి పొర్లేదాకా జవాబు చెప్పనివ్వకు. ఆ భాగం రాశాక పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు