కంపెనీ డబ్బుతో పీహెచ్‌డీ చేస్తే ఆ పని ఎవరిదవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీలో సీటు వచ్చింది. గైడ్ ప్రాజెక్టుకు ఒక పెద్ద కంపెనీ పరిశోధన విభాగం డబ్బు ఇస్తోందట. అయిదేళ్ల కష్టం చివరకు కంపెనీ పాలవుతుందేమోనని మా వారు భయపడుతున్నారు. ఇలాంటి పొత్తుల వల్ల విశ్వవిద్యాలయాలకు నిజంగా మేలు జరిగిందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ వారి భయంలో న్యాయం ఉంది. అయినా ఆ భయంతో సీటు వదులుకోవద్దని, ఒప్పందంలో ఏముందో ముందుగానే తెలుసుకోమని చెబుతాను. మీరు అడిగిన మేలూ, మీ వారు అనుమానిస్తున్న కీడూ ఒకే చరిత్రలో కనిపిస్తాయి కనుక దాన్ని కొంత వివరంగా రాస్తున్నాను.

ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీకి న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాల ఉండేది. 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాయడం మొదలుపెట్టింది అక్కడే. గుత్తాధిపత్యం కేసులో 1956లో ప్రభుత్వంతో కుదిరిన రాజీ ప్రకారం ఆ కంపెనీ టెలిఫోన్లు తప్ప వేరే వ్యాపారంలోకి దిగకూడదు కనుక, యునిక్స్‌ను సరుకుగా అమ్ముకునే వీలు లేక, విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముకే సోర్స్ కోడ్‌తో (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రతితో) సహా ఇచ్చింది. ఆ ఉదారత వెనుక చట్టం ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

1973లో ఒక సదస్సులో యునిక్స్ గురించి విన్న, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ బాబ్ ఫాబ్రీ దాన్ని తమ విశ్వవిద్యాలయానికి తెప్పించుకున్నారు. 1974 జనవరిలో యునిక్స్ ఉన్న టేపు చేరింది. అయితే ఉన్న ఒక్క పీడీపీ-11/45 అనే కంప్యూటర్‌ను గణిత, స్టాటిస్టిక్స్ విభాగాలతో కలిసి కొన్నారు, వారికి కావలసింది వేరే సిస్టమ్. చివరకు రోజుకు 8 గంటలు యునిక్స్, తక్కిన 16 గంటలు ఆ రెండోది నడపాలని ఒడంబడిక చేసుకున్నారు. ఆ 8 గంటలు కూడా ఒకరోజు ఉదయం, మర్నాడు సాయంత్రం, మూడోనాడు అర్ధరాత్రి మొదలయ్యేవి. వేళాపాళా లేకపోయినా విద్యార్థులు తమ ప్రాజెక్టులకు యునిక్స్‌నే కోరుకున్నారు.

మొదట్లో ఆ యంత్రం తరచూ ఆగిపోయేది. కంప్యూటర్‌ను ఫోన్ తీగకు కలిపే అక్కడి మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు మాత్రమే, పైగా వచ్చిన ఫోన్‌ను అది తనంతట తాను అందుకోలేదు. అందుచేత థాంప్సన్ న్యూజెర్సీ నుంచి యంత్రాల గదికి ఫోన్ చేస్తే, కీత్ స్టాండిఫర్డ్ అనే విద్యార్థి రిసీవర్‌ను తీసి మోడెమ్‌లో అమర్చేవారు. దేశానికి ఆ కొసన కూర్చుని, ఆ ఫోన్ తీగ మీదుగా, థాంప్సన్ ఈ కొసన ఉన్న యంత్రం ఎందుకు ఆగిందో వెతికేవారు. కంపెనీకీ విశ్వవిద్యాలయానికీ మధ్య పొత్తు అంటే నా కళ్ల ముందు మెదిలేది ఆ రిసీవరే. 1975లో ఆయన స్వయంగా బర్క్‌లీకి, అంటే తాను చదువుకున్న చోటికే, ఒక ఏడాది పాఠం చెప్పడానికి వచ్చారు. ఆయన వదిలిన పనిని బిల్ జాయ్, చక్ హేలీ అనే విద్యార్థులు అందుకున్నారు. బర్క్‌లీలో మెరుగుపరచిన యునిక్స్, బీఎస్‌డీ పేరుతో టేపుల మీద ఊరూరికీ వెళ్లింది. 1983 నాటి 4.2 బీఎస్‌డీలో, రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా ఇచ్చిన నిధులతో, ఈనాటి ఇంటర్నెట్‌కు ఆధారమైన టీసీపీ/ఐపీ కూడా చేరింది. కోడ్ రాయడానికి, దిద్దడానికి వాడే వీఐ ఎడిటర్‌ను జాయ్ రాశారు, అది తిరిగి ఏటీ అండ్ టీ వారి యునిక్స్‌లోకే వెళ్లింది. ఇచ్చిన చేయి పుచ్చుకుంది కూడా.

ఇక కీడు. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో ఎడిషన్ లైసెన్సు, సోర్స్ కోడ్‌ను తరగతిలో పాఠంగా చెప్పడాన్ని నిషేధించింది. కంపెనీ 1984లో ముక్కలై ఆ పాత ఆంక్ష తొలగిపోయాక యునిక్స్ పూర్తిగా వ్యాపార వస్తువైంది. 1992లో ఏటీ అండ్ టీ అనుబంధ సంస్థ, బీఎస్‌డీని అమ్ముతున్న ఒక కంపెనీ మీద దావా వేసింది, విశ్వవిద్యాలయాన్ని కూడా అందులోకి లాగింది. తమ కోడ్ వాడుకుని తమ పేరు చెప్పలేదని విశ్వవిద్యాలయం ఎదురు దావా వేసింది. 1994లో రాజీ కుదిరేనాటికి, దాదాపు 18,000 ఫైళ్లలో తొలగించవలసి వచ్చినవి మూడంటే మూడే. ఆ మూడింటి కోసం ఎంతమంది ఎంతకాలం నలిగిపోయారో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఎవరి రాత ఎక్కడ ముగిసి ఎవరి రాత ఎక్కడ మొదలైందో ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన రోజుల్లోనే తేల్చుకుని ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

కాబట్టి అమ్మాయిని చేరకముందే గైడ్‌ను మూడు విషయాలు అడగమనండి. పరిశోధన పత్రాన్ని ప్రచురించే ముందు కంపెనీ ఎన్నాళ్లు పరిశీలించవచ్చు? ఒకటి రెండు నెలలైతే సర్వసాధారణమే, గడువు రాయకపోతే మాత్రం ప్రమాదం. థీసిస్ కోసం రాసిన కోడ్‌ను చదువు ముగిశాక ఆమె వెంట తీసుకెళ్లి వాడుకోవచ్చా? మధ్యలో కంపెనీ తప్పుకుంటే ఆమె స్టైపెండ్‌ను విశ్వవిద్యాలయం భరిస్తుందా? ఇవి అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు, మంచి గైడ్ వీటికి సంతోషంగానే జవాబిస్తారు.

ప్రశ్న: కంపెనీలు, విశ్వవిద్యాలయాలు అనే రెండు లోకాలనూ కలిపిన తెలుగువారు ఎవరైనా ఉన్నారా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: ముందుగా చెప్పవలసినది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి పేరు. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఆస్ట్రేలియాలో ఐబీఎంలో ఉద్యోగం చేసి, ఆ తరువాత స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు. 1969 నుంచి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మాటను గుర్తించే యంత్రాల మీద ఆయన బృందం చేసిన పని శిష్యుల, సహచరుల వెంట కంపెనీలకు చేరింది. జేమ్స్, జానెట్ బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ స్థాపించారు. 1993లో షెడాంగ్ హువాంగ్ మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి అక్కడి స్పీచ్ పరిశోధనను మొదలుపెట్టారు. 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలకమండలికి రాజ్ రెడ్డి గారు అధ్యక్షులుగా వ్యవహరించారు.