చేపలకన్నా ముందు నీళ్లు

భీమవరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

రెండడుగుల అక్వేరియం కొన్నావనీ, వచ్చే ఆదివారమే అందులో నియాన్ టెట్రాలూ గప్పీలూ వదలబోతున్నావనీ నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఇన్నేళ్లకు మళ్లీ ఒకరికి చేపలు పెంచాలన్న కోరిక కలిగినందుకు ఎంత సంతోషించానో, ఆదివారం అన్న మాట వినగానే అంత కంగారు పడ్డాను. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను: ఆదివారం తొట్టి పెట్టుకో, నీళ్లు నింపు, ఫిల్టర్ ఆన్ చెయ్యి, చేపలను మాత్రం ఇప్పుడే తేకు.

స్టాండు గట్టిగా ఉండాలనీ, తొట్టి మీద ఎండ పడకూడదనీ, గులకరాళ్లు కడిగి వేయాలనీ అమ్మినవాళ్లే చెబుతారు. హీటర్, ఫిల్టర్ ప్లగ్గులు తీయకుండా నీళ్లలో చెయ్యి పెట్టవద్దని ఎవరూ చెప్పరు. అది నేను చెబుతున్నాను, మరచిపోకు.

ఇక అసలు విషయం. చేప మొప్పల గుండా అమోనియాను వదులుతూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అమోనియాయే పుడుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది మితంగా ఉంటే ఫరవాలేదు. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. ఫిల్టర్ స్పాంజిని, రాళ్లను అంటిపెట్టుకుని బతుకుతాయి, చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో అవి చాలినంతగా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి కదా అని అనుకోవద్దు. అమోనియాకు రంగు లేదు.

మీ నాన్న సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. పెళ్లికాక ముందు వాడికి ఒక అక్వేరియం ఉండేది, అందులో ఏంజెల్ చేపలు. ఆఫీసు నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకుండా దాని ముందు కూర్చునేవాడు. ఒక సంక్రాంతికి చుట్టాలందరూ మా ఇంటికే వస్తున్నారని, భోగినాడు తెల్లవారుజామునే లేచి చేపలను బకెట్టులోకి తీసి, తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లు తోమి, తలంటుకు కాచిన వేడినీళ్లలోనే ఫిల్టర్ స్పాంజిని కూడా ముంచి పిండాడు. స్పాంజి నుంచి గోధుమరంగు జిగురు కారుతుంటే, మురికంతా పోయేదాకా మళ్లీ మళ్లీ పిండాడు. ఆ జిగురులోనే ఉంది వాడు నెలల తరబడి తెలియకుండా పెంచుకున్న బాక్టీరియా అంతా. పండుగనాడు తొట్టి ధగధగలాడుతుంటే చుట్టాల పిల్లలు చుట్టూ చేరి గుప్పెళ్లతో మేత వేశారు. కనుమ సాయంత్రానికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడసాగాయి. వాడు గాలి చాలలేదనుకుని ఇంకో పంపు తెచ్చి పెట్టాడు. ముక్కనుమనాడు సీసాలో ఆ నీళ్లు తీసుకెళ్లి నేను ల్యాబులో చూసేసరికి పరీక్ష నాళిక ముదురు ఆకుపచ్చగా తిరిగింది, అంటే అమోనియా బాగా ఎక్కువన్నమాట. పరుగున వచ్చి సగం నీళ్లు మార్చాం కానీ అప్పటికే ఆలస్యమైంది. తర్వాత వాడు ఆ తొట్టిని అటక ఎక్కించాడు, మళ్లీ దించలేదు. శ్రద్ధ లేక జరిగిందైతే నేను ఇంతగా రాయను. మీ నాన్నకు శ్రద్ధ ఎక్కువై జరిగింది. నీవు వాడి కూతురివి, అందుకే నా భయం.

కాబట్టి ఫిల్టర్ స్పాంజిని ఎన్నడూ కుళాయి కింద కడగకు. నీటి ప్రవాహం తగ్గినప్పుడు, తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండి, వెంటనే పెట్టెయ్యి.

మొదలుపెట్టడానికి, ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా నడుస్తున్న పాత అక్వేరియం ఉంటే దాని స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, తడి ఆరకముందే నీ ఫిల్టర్‌లో పెట్టు. పాలకు తోడు వేసినట్టే, వారాల పని త్వరగా సాగుతుంది. బాక్టీరియాకు ఆహారంగా స్వచ్ఛమైన అమోనియం క్లోరైడ్, 50 లీటర్లకు సుమారు గ్రాములో మూడో వంతు వేస్తే అమోనియా 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అది సున్నాకు దిగినప్పుడల్లా మళ్లీ వెయ్యి. మొదట అమోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది. ఇక్కడే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. నైట్రైట్ చేప రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి, ఎంత గాలి కొట్టినా ఊపిరాడకుండా చేస్తుంది. 2 పీపీఎం అమోనియా వేసిన 24 గంటలకు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపినప్పుడే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు నైట్రేట్ బాగా చేరి ఉంటుంది కనుక, ముప్పాతిక నీళ్లు మార్చి చేపలకు వెళ్లు.

పరీక్షకు కాగితపు స్ట్రిప్పులు వద్దు, చుక్కల కిట్ కొను. నాళికలో గీత దాకా నీళ్లు పట్టి, చెప్పినన్ని చుక్కలు వేసి, చెప్పినన్ని నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో రంగు చూడు. నైట్రేట్ కిట్‌లోని రెండో సీసాలో మందు అడుగున పేరుకుంటుంది. దాన్ని అర నిమిషం గట్టిగా ఊపకుండా చుక్కలు వేస్తే ఫలితం తప్పుగా తక్కువ చూపిస్తుంది.

మీ హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఒకరోజు మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు, మరోరోజు బోరు, వేసవిలో ట్యాంకరు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేపల మొప్పలనూ, నీ బాక్టీరియానూ రెండింటినీ దెబ్బతీస్తుంది; నీళ్లు మార్చే ప్రతిసారీ యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. బోరు నీళ్లలో ముందే నైట్రేట్ ఉండవచ్చు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎక్కువగా ఉండవచ్చు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమోనియాలో విషపు భాగం సుమారు పది రెట్లు అవుతుంది. మా చెరువుల రైతులు మధ్యాహ్నం పెరిగే పీహెచ్‌కు భయపడేది అందుకే. కనుక తొట్టి నింపే ముందు నీ కుళాయి నీళ్లనే ఒకసారి పరీక్షించు.

చేపలు వచ్చాక వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చు, ఎప్పుడూ మొత్తం మార్చకు. మొదటి రోజే అన్నీ తేకు. ఆరు టెట్రాలు తెచ్చి, మరో రెండు వారాలు అంకెలు చూసి, తర్వాత గప్పీలు.

రోజూ పరీక్ష చేసి తేదీతో సహా నోటుబుక్కులో రాసి, ఆ పేజీ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. ఏ రాత్రివేళ అయినా సరే, అంకె తేడాగా కనిపిస్తే ముందు మేత ఆపు, మూడో వంతు నీళ్లు మార్చు, ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
పెదనాన్న