టెక్ సందేహాలు: స్కోరు 100, అయినా ఆర్డర్ పెట్టలేరు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న స్టార్టప్‌లో టెస్టర్‌ని. మాది కిరాణా సరుకుల వ్యాపారం. మొబైల్ సైటుతో పాటు రియాక్ట్ నేటివ్‌లో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ చేసే సాధనం) చేసిన యాప్ కూడా ఉంది. సైట్లని పరీక్షించే గూగుల్ సాధనం లైట్‌హౌస్‌లో మా సైటుకి యాక్సెసిబిలిటీ (చూపులేనివాళ్లలాంటి వాళ్లూ వాడుకోగలగడం) స్కోరు 100 వచ్చింది. అయినా చూపులేని కస్టమర్ ఒకరు ఆర్డర్ పెట్టలేకపోతున్నానని రాశారు. ఎక్కడ వెతకాలి?

జవాబు: బటన్‌కి పేరు ఉందా లేదా అన్నదే లైట్‌హౌస్ చూస్తుంది. ఆ పేరుకి అర్థం ఉందో లేదో దానికి పట్టదు. స్క్రీన్‌ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ప్రతి సరుకు దగ్గరా 'ప్లస్, బటన్' అని పలికినా లైట్‌హౌస్ లెక్కలో పాసే. అది టమాటాలదో ఉల్లిపాయలదో వినేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఆండ్రాయిడ్‌లో అలా చదివి వినిపించేది టాక్‌బ్యాక్. ఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టాక్‌బ్యాక్‌లోకి వెళ్లి ముందు షార్ట్‌కట్ ఆన్ చేయండి. అప్పుడు రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి 3 సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. ఇది పెట్టుకోకపోతే మొదటిసారి వాడేవాళ్లు దాన్ని ఆపలేక తంటాలు పడతారు. కుడికి స్వైప్ చేస్తే తర్వాతి అంశానికి వెళ్తుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. ఆ తర్వాత టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్‌ని దాచే ఆప్షన్ ఎంచుకుని, వింటూ మాత్రమే కిలో టమాటాలు కొని డబ్బు కట్టే దాకా వెళ్లండి. కళ్లకు కనిపిస్తుంటే చెవికి వినపడే తప్పుల్ని మనసు సర్దేస్తుంది, అందుకే స్క్రీన్ దాచమనేది.

మీ సైటులో ఈ మూడూ ముందు చూడండి. బటన్ పేరులో సరుకు పేరు కూడా ఉండాలి: 'టమాటాలు, ఒకటి పెంచు'. నొక్కాక సంఖ్య మారినట్టు వినపడాలి. దానికి సైటు కోడ్‌లో, మారినదాన్ని చదివి వినిపించమని చెప్పే ఏరియా-లైవ్ (aria-live) అనే గుర్తుని పొలైట్‌గా (polite) పెట్టాలి. ఓటీపీ తప్పు అన్న ఎర్ర అక్షరాలు కూడా ఇలాగే పలకాలి, లేకపోతే అవతలివాళ్లు మౌనంగా ఎదురు చూస్తూ ఉంటారు.

యాప్‌ని ఐఫోన్‌లో టాక్‌బ్యాక్ లాంటిదే అయిన వాయిస్‌ఓవర్‌తో కూడా పరీక్షించండి. రియాక్ట్ నేటివ్‌లో నొక్కగలిగే కార్డు మామూలుగా మొత్తం ఒకే అంశం అయిపోతుంది. కార్డులోపల ఉన్న ప్లస్ బటన్‌ని వాయిస్‌ఓవర్ అందుకోలేదు. ఆండ్రాయిడ్‌లో బాగుందని వదిలేస్తే దొరకని బగ్ ఇది. బటన్‌ని కార్డు బయటికి తెస్తే సరిపోతుంది.

తెలుగు పేజీని ఇంగ్లీషు గొంతు చదువుతోందంటే, టెంప్లేటు నుంచి వచ్చిన, పేజీ భాష ఏదో చెప్పే లాంగ్ (lang) యాట్రిబ్యూట్ ఇంకా ఈఎన్‌ (en, ఇంగ్లీషు) గానే ఉండిపోయి ఉంటుంది. దాన్ని టీఈ (te, తెలుగు) చేయండి. టెస్ట్ ఫోన్‌లో గూగుల్ టెక్స్ట్-టు-స్పీచ్‌కి తెలుగు వాయిస్ డేటా కూడా దించుకోండి.

బటన్ సైజులకీ రంగులకీ మాత్రం యంత్రమే మేలు. గూగుల్ యాక్సెసిబిలిటీ స్కానర్ మీ యాప్‌లో 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ మీద సైజుల కొలత) కన్నా చిన్న బటన్లనీ వెలిసిపోయిన అక్షరాలనీ చూపిస్తుంది. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్టు (నేపథ్యంతో వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి నేపథ్యం మీద #767676 బూడిద రంగు గట్టెక్కుతుంది, డిజైనర్లకి ఇష్టమైన #999999 తప్పుతుంది.

ప్రశ్న: ఫోన్‌లో అక్షరాల సైజు పెంచితే మా యాప్‌లో తెలుగు ఒత్తులు కోసుకుపోతున్నాయి. ఇంగ్లీషు బాగానే ఉంది. (వైట్‌ఫీల్డ్ నుంచి ఒక డెవలపర్)

జవాబు: పెట్టె ఎత్తు డీపీల్లో బిగించేసి ఉంటారు. ఇంగ్లీషుకి లేని ఒత్తులు తెలుగులో కింద వేలాడతాయి కాబట్టి మొదటి దెబ్బ వాటికే. కచ్చితమైన ఎత్తు తీసేసి, కనీస ఎత్తు మాత్రం ఇవ్వండి. అక్షరాల సైజు ఎస్పీల్లో (ఫోన్‌లో పెట్టుకున్న అక్షరాల సైజుని బట్టి మారే కొలత) ఉంచండి. వరుస ఎత్తు చెప్పే లైన్‌హైట్‌ని ఇంగ్లీషు ఫాంటుకి సరిపోయేలా బిగించి ఉంటే దాన్నీ వదులు చేయండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాల్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు, పరీక్ష అక్కడే చేయాలి. 'క్ష్మి', 'స్త్రీ', 'ర్థ్య' ఉన్న పదాలతో చూడండి. 'అమ్మ'తో చూస్తే సగం బగ్గులు బయటపడవు.