రోబస్ట్‌లో ఓక్ చెట్టు

ప్రశ్న: మా అబ్బాయి ఆఫీసు మాటల్లో రోజూ ‘రోబస్ట్ సిస్టమ్’ అంటాడు. రోబస్ట్ అంటే ఏమిటండీ? ఎక్కడి మాట?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: దిట్టమైనది, దెబ్బలకు తట్టుకునేది అని అర్థమమ్మా. మీవాడు అనేది, ఒక చోట తప్పు వచ్చినా మొత్తం కుప్పకూలని సిస్టమ్ గురించి. మాట లాటిన్‌ది. ‘రోబుర్’ అంటే ఓక్ చెట్టు, దాని గట్టి కలప. బలమనీ అర్థం. దాన్నుంచి ‘రోబుస్తుస్’ పుట్టి, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఓక్‌లో ఒక జాతి శాస్త్రీయ నామం ఇప్పటికీ క్వెర్కస్ రోబుర్.

మా నాన్న వడ్రంగి. దూలానికి దుంగ కొనేముందు బాడిశతో ఓ మూల చెక్కి, లోపల తెల్లగా ఉంటే “చేవ లేదు” అని వదిలేసేవాడు. మా బద్ధకపు మామయ్యనూ అదే మాట అనేవాడు! చెట్టు నడిమి గట్టి కర్రే చేవ. మనిషిలో సత్తువా చేవే. రోమన్లూ మనలాగే కలపను చూసి మనిషిని కొలిచారన్నమాట.

కోర్టు వార్తల్లోని ‘కొరాబరేట్’, అంటే సాక్ష్యాన్ని బలపరచడం, ఈ వేరుదే. రోబస్టా కాఫీ కూడా. మొక్క మొండిది కనుక ఆ పేరు. మన అరకులో ఎక్కువగా పండేది మాత్రం అరబికా.