అంచనాలో వాన ఉన్నా మన పొలంలో ఎందుకు పడదు?

బెంగళూరు గ్రామీణ జిల్లాలో కొన్ని చోట్ల ఉరుములతో వాన అని వాతావరణ శాఖ చెప్పిన రోజున మీ పొలంలో చుక్క పడకపోయినా ఆ అంచనా తప్పినట్టు కాదు, ఎందుకంటే అది జిల్లా మొత్తానికి కలిపి చెప్పింది.

వాళ్ల లెక్క ప్రకారం ‘కొన్ని చోట్ల’ అంటే వర్షమాపక కేంద్రాల్లో 26 నుంచి 50 శాతం చోట్ల కనీసం 2.5 మి.మీ. వాన పడటం. మిగతా చోట్ల పొడిగానే ఉండొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నేల బాగా కాగి, సాయంత్రానికి ఉరుములతో వాన కురిపించే క్యుములోనింబస్ మేఘాలు లేస్తాయి. ఒక్కో మేఘం కింద తడిసేది కొన్ని కిలోమీటర్లే. హోసకోటెలో మడులు నిండిన సాయంత్రమే అదే జిల్లాలోని దేవనహళ్లి ద్రాక్షతోటలో దుమ్ము కూడా అణగకపోవచ్చు.

‘కొన్ని చోట్ల’ అంటే చిరుజల్లులేనని చాలామంది పొరబడతారు. అది ఎన్ని చోట్ల పడుతుందో మాత్రమే చెబుతుంది. ఎంత పడుతుందన్నది వేరే లెక్క: 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం కిందికి వస్తుంది, అదీ కొన్ని చోట్లే పడొచ్చు. అందుకే మందు కొట్టే రోజు జిల్లా అంచనా ఒక్కటే సరిపోదు. వచ్చే 3 గంటలకు ఇచ్చే తక్షణ అంచనా (నౌకాస్ట్) చూశాకే ట్యాంకులో మందు కలపండి.